పొలిమేర రాయి దగ్గర దిగే మనిషి

ఏదైనా సరే నాలుగింతలు చేసి చెబుతానని ప్రొద్దుటూరులో నాకొక పేరుంది. మా ఇంట్లో పిల్లి ఈనితే, నేను బజారుకు చేరేసరికి పులి ఈనినట్టు అవుతుందని మా ఆవిడ అంటుంది. కాబట్టి ఇక్కడ కనిపించే పొడవులనూ లోతులనూ దూరాలనూ పాఠకులు నాలుగుతో భాగించుకుని చదువుకోవచ్చు. ఒక ఆడమనిషి గురించి రాసినచోట మాత్రం భాగించవద్దు. అక్కడ ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

మొన్న సెలూన్లో కూచుని ఉంటే, మంగలాయన నా గడ్డం సగం గీసి, కత్తి తుడుస్తూ, గైడు మామ పోయాడట కదా అన్నాడు. మిగతా సగం ఎప్పుడు గీశాడో నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుంటే గీసే ఉంది.

గైడు మామ అసలు పేరు రాయను. ఆయన ఊరి పేరు అసలే రాయను. ఆ ఊరివాళ్ళు ఇంకా ఉన్నారు, నాకూ ఇంకొన్నాళ్ళు ఉండాలని ఉంది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. అంతకు ఆరేళ్ళ ముందే ప్రొద్దుటూరులో ఒక బస్సు యజమాని పుణ్యాన్నీ షికారునూ ఒకే బస్సులో ఎక్కించి 'రెండు రాష్ట్రాల దర్శనం - ఒకే పగలు' అని బోర్డు రాయించాడు. కోడి కూసే వేళకు ప్రొద్దుటూరులో బయలుదేరి, జమ్మలమడుగు మీదుగా గండికోట చూపించి, ముద్దనూరు, పులివెందుల దాటించి, కదిరిలో నరసింహస్వామి దర్శనం చేయించి, అక్కడినుంచి మైసూరు రాష్ట్రం ఎల్లదాకా తీసుకుపోయి మళ్ళీ తెచ్చి దించాలి. బస్సు వయసు నాకంటే, గతుకుల సంఖ్య బస్సు వయసుకంటే ఎక్కువ. పెన్న ఇసుకలో దిగబడితే యాత్రికులే దిగి తోయాలి. పుణ్యం అక్కడే సగం వచ్చేది.

ఈ బస్సుకు గైడు మామ గైడు. మనిషి సన్నం. ఎంత సన్నమంటే, గాలి లేస్తే ఆయన గొడుగును పట్టుకున్నాడా, గొడుగే ఆయన్ను పట్టుకుని ఆపిందా అని అనుమానం వచ్చేది. ఒంటిమీద ఖాకీ కోటు. ఆ కోటుకు ఏడు జేబులు, జేబుకొక శాఖ. ఒకదాన్లో వాంతి వచ్చేవాళ్ళకు నిమ్మకాయలు, ఒకదాన్లో శొంఠి, ఒకదాన్లో సూదీ దారం, ఒకదాన్లో కాలి ముల్లు తీసే పట్టకారు. మెడలో ఇత్తడి ఈల. జమ్మలమడుగులో ఆ ఈల ఊదితే ముద్దనూరులో నిద్రపోయేవాళ్ళు లేచి బిందెలు పట్టుకుని కొళాయికి పరిగెత్తేవాళ్ళు.

అంతకుముందు ఆయన బోర్డు స్కూల్లో పంతులు. ఆ వాసన పోలేదు. బస్సు ఆగిన ప్రతిచోటా హాజరు పిలిచేవాడు. డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు కూడా చేతులెత్తి 'ఉండా' అనాలి. అనకపోతే బస్సు కదలదు.

ఆయనలో అన్నిటికన్నా పెద్ద లోపం, గైడు అయి ఉండీ అబద్ధం చెప్పకపోవడం. ఎక్కడైనా గైడంటే రాజుకు ముప్పైమంది రాణులనీ, బావిలో బంగారు పల్లకీ ఉందనీ చెప్పి కడుపు నింపుతాడు. ఈయన గండికోటలో ధాన్యపు కొట్టు ముందు అందరినీ నిలబెట్టి, దీంట్లో రాజులు ధాన్యం పోసేవాళ్ళంట, నేను చూల్లేదు, నేను చూసేపొద్దుకు గబ్బిలాలు ఉండె, గబ్బిలాలు మాత్రం నిజం అనేవాడు. పెన్న కొండను చీల్చుకుని పారే ఆ లోయ అంచున నిలబడితే నాలాంటివాడికి పాతాళంలో వంట చేస్తున్న పొగ కూడా కనిపిస్తుంది. ఎంత లోతు మామా అని అడిగితే, దిగి కొలవలేదప్పా అనేవాడు. చప్పిడి గైడని జనం సణిగేవాళ్ళు. కదిరి స్వామికి అభిషేకం తర్వాత చెమట పడుతుందంటారు కదా, దాన్ని మాత్రం ఒప్పుకునేవాడు. కండ్లారా చూసినా, పడుతుంది, యాల పడుతుందో తెల్దు అనేవాడు.

ఎదుటివాళ్ళ విషయంలోనూ అంతే. ఎవరైనా ఏదైనా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, చూసింది చెప్పు, అనుకున్నది చెప్పొద్దు అనేవాడు. ఆ మాట రోజుకు నూరుసార్లు. నాలుగుతో భాగించినా పాతిక.

నేను ఆ బస్సు ఎక్కింది ఒక్కసారే. ఇరవై రెండేళ్ళ వయసు, పనిలేదు, మా మేనత్తకు తోడు వెళ్ళాను. ఆమెకు అది మూడో యాత్ర. చూసిన కొండల్నే మళ్ళీ చూడటం దేనికత్తా అంటే, ఆమె జొన్నరొట్టెల మూట, ఊరుబిండి పచ్చడి డబ్బా ఒళ్ళో సర్దుకుని, "ఆయప్ప చెయ్యి పట్టుకోని బస్సు దింపుతాడురా. నాకు కొడుకులు నలుగురుండారు, ఒగడన్నా దింపినాడా?" అంది.

గండికోట చూశాం. ముద్దనూరు దాటాం. పులివెందుల ఇంకా దూరముందనగా, దారిపక్కన సున్నం కొట్టిన పొలిమేర రాయి దగ్గర బస్సు ఆగింది. చుట్టూ కంపచెట్లు, నీళ్ళు లేని ఒక వంక, దూరంగా నల్ల బండల మిద్దెలున్న ఊరు. చూడటానికి కాకి కూడా లేదు. గైడు మామ లేచి గొంతు సవరించుకున్నాడు. గండికోట దగ్గర కూడా అంత శ్రద్ధగా మాట్లాడలేదు. ఈ ఊర్లో పది నిమిషాలు ఆగుతామనీ, హోటల్లో కాఫీ బాగుంటుందని విన్నాననీ, హోటలుకు ఎదురుగా ఒక మిద్దె ఉందనీ, దాని అరుగుకు పరిచిన బండలు ఒక్కోటి పన్నెండడుగుల పొడవనీ, అతుకు లేదనీ, తానే దగ్గరుండి పరిపించినవనీ, వాటిని తప్పక చూడాలనీ చెప్పాడు. చెప్పి, బస్సు దిగాడు. గొడుగు విప్పి, రోడ్డు వదిలి, వంకలోకి దిగిపోయాడు. బస్సు ఆయన్ను వదిలేసి ఊళ్ళోకి కదిలింది.

నేను బిత్తరపోయాను. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని సంగతి చెప్పింది.

ఆ ఊరు ఆయనదే. ఆ మిద్దె ఆయన అత్తగారిది. బావమరిది ఒకనాటి తెల్లవారుజామున ఎదురుపార్టీ వాళ్ళ గడ్డివామికి నిప్పు పెడితే, పక్క కొట్టంలో కాడెద్దులు రెండూ కాలిపోయాయి. చూసినవాళ్ళు నలుగురు. కోర్టులో చూశానని చెప్పింది ఒక్క పంతులు. బావమరిది రెండేళ్ళు జైలుకు పోయాడు. తిరిగొచ్చాక పెద్దమనుషులు కూచుని రాజీ చేశారు. పంతులు మీద చెయ్యి పడదు. పంతులు మటుకు బండి మీద గానీ, కాలినడకన గానీ, చచ్చి పాడె మీద గానీ నాలుగు పొలిమేర రాళ్ళ లోపలికి రాకూడదు. పెళ్ళాం ఎవరి వెంట పోతుందని ఆమెను అందరిముందూ అడిగారు. ఆమె తల ఎత్తలేదు, నోరు విప్పలేదు. ఆ మౌనం తమ్ముడి పక్షాన జమ అయింది.

"ఆరేండ్లాయ. ఊరి చుట్టూ వంకెంబడి నడిచి, బస్సు అవతలి రాయికి పోయేలోపల ఈయప్ప ఆడికి చేరుకుంటాడు" అంది అత్త. "ఎక్కినాంక మనల్ని అడుగుతాడు చూడు, ఏం చూసినారని. ఆయమ్మ ఉండాదా, ఎట్లుండాది అని అడగడు. బండలెట్లుండాయి అంటాడు. మనమే చెప్పల్ల."

అప్పుడు అర్థమైంది. కోటలూ దేవుళ్ళూ రాష్ట్రాలూ అన్నీ ఈ పది నిమిషాలకు పైపూత. ముప్పైమంది యాత్రికులను ఆయన తన కళ్ళుగా చేసుకుని ఆ ఊళ్ళోకి పంపుతున్నాడు.

బస్సు హోటలు ముందు ఆగింది. ఎదురుగా మిద్దె, అరుగు. అరుగు మీద ఒక ఆడమనిషి కూచుని చేటతో చెరుగుతోంది. నలభై లోపు వయసు. తల వంచుకుని ఉంది. ముప్పైమందిమి కాఫీ గ్లాసులు పట్టుకుని ఆమె అరుగు బండలనే తేరిపార చూస్తుంటే ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

బస్సు అవతలి పొలిమేర రాయి దగ్గరకు పోయేసరికి ఆయన రాయి మీద కూచుని, పంచెకు అంటుకున్న పల్లేరుకాయలు ఏరుకుంటున్నాడు. రొప్పుతున్నాడు. ఆ వంక వెంట ఆరేళ్ళుగా ఆయన నడిచిన నడకను తిన్నగా పరిస్తే కాశీకి పోయి వెనక్కి రావచ్చు. బస్సెక్కి, హాజరు పిలిచి, ఒక్కొక్కరినీ అడిగాడు. కాఫీలో చికోరీ ఎక్కువన్నారొకరు. బండలు నున్నగా ఉన్నాయన్నారొకరు. ఆయమ్మ కూచోని చెరుగుతాండాదన్నారు ముగ్గురు. పాఠం అప్పజెప్పే పిల్లల్ని చూసినట్టు చూసి, ప్రతి మాటకూ తల ఊపాడు. ఆరేళ్ళుగా వింటున్న పాఠమే.

నా వంతు వచ్చింది. "నువ్వు కొత్త గదా అల్లుడా. ఏం చూసినావు?" అన్నాడు.

నేను చూసింది చాలా చప్పగా అనిపించింది. ఇంత దూరం, ఇన్ని పల్లేరుకాయలు, ఆఖరికి ఒక చేట. జాలి కూడా వేసింది. ఆ జాలికి కాస్త చిలిపితనం కలిసింది. నా నోటికి అలవాటైన పని అది చేసేసింది.

"మేం దిగతానే ఆయమ్మ లేచి నిలబడె మామా. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకోని బస్సుకల్లా చూసె. అందరూ దిగినాంక గూడా చూస్తానే ఉండె, ఇంగా ఎవురో దిగాల్సుండే మాదిరి."

అత్త నా తొడ గిల్లింది. ఆ మచ్చ చాలా ఏళ్ళు ఉంది. గైడు మామ కదలకుండా నిలబడి, నెమ్మదిగా అడిగాడు.

"అడ్డం పెట్టింది ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"బాగా పైకి ఎత్తిందా?"

"నొసటికి ఎత్తె మామా. ఇట్ల" అని నా చెయ్యి ఎత్తి చూపించాను కూడా.

ఇంకేమీ అడగలేదు. నా తర్వాతి వాళ్ళను కూడా అడగలేదు. ముందు సీట్లోకి పోయి కూచున్నాడు.

ఆ తర్వాత జరిగిన యాత్ర యాత్ర కాదు. కదిరిలో స్వామి చెమట సంగతి ఆయన ఎత్తలేదు. గుడి బయట గొడుగు మూసి నిలబడ్డాడు. ఎవరో తప్పిపోయి, అరగంట తర్వాత బొరుగులు నములుతూ దొరికితే కూడా కోప్పడలేదు. ముసలమ్మలు భయపడ్డారు. హాజరు పిలవకపోతే తాము ఉన్నట్టా లేనట్టా అని వాళ్ళకే అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం దాటాక మైసూరు ఎల్లకు చేరాం. రోడ్డుకు అడ్డంగా ఒక కొయ్య, పక్కన రేకుల షెడ్డు. ఇటు మన జవాను, అటు వాళ్ళ జవాను, ఇద్దరూ ఒకే బీడీ పంచుకుంటున్నారు. బస్సు పర్మిట్టు కొయ్యదాకానే. అవతల పదిగజాల్లో కాఫీ హోటలుంది. యాత్రికులు నడిచిపోయి అక్కడ కాఫీ తాగి, పరరాష్ట్రం చూసొచ్చామనుకోవాలి. ఒక పెద్దాయన కొయ్య కింద అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడి, ఇప్పుడు తాను ఏ ముఖ్యమంత్రి మాట వినాలని జవాన్లను అడిగాడు. అత్త మైసూరు మట్టి గుప్పెడు తీసి, నలిపి, వాసన చూసి, మన చెనిక్కాయల మడి మన్నే అని తీర్పు చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు, మనవైపు సారా నిషేధం కాబట్టి, మన జవాను అత్త ఊరుబిండి డబ్బా తెరిచి వాసన చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి, ఆమెకు దండం పెట్టి పంపించాడు.

మామూలుగా గైడు మామ అందరినీ అవతలి మట్టి మీద నిలబెట్టి హాజరు పిలిచేవాడట. ఇంకో రాష్ట్రంలో 'ఉండా' అన్నామని ముసలమ్మలు ఏడాదిపాటు చెప్పుకునేవాళ్ళట. ఆ రోజు ఆయన కొయ్య పక్కన నిలబడి, ఎద్దుల బండ్లు వచ్చినప్పుడల్లా అది లేవడం, పడటం చూస్తున్నాడు.

"అల్లుడా, దీన్ని ఎత్తేదానికి ఇద్దరుండారు చూడు" అన్నాడు నాతో. "మా ఊరి రాయికి ఎవురూ ల్యారు."

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను. నాలుగింతలు చేయడానికి ఎప్పుడూ తడబడని నోరు, ఉన్నది చెప్పడానికి రాలేదు.

తిరుగు దారిలో అత్త నన్ను కూచోనివ్వలేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని మాటిమాటికీ. పులివెందులలో చెబుతానని మాట ఇచ్చాను. అక్కడ డ్రైవరు సాయిబు రేడియేటరులో నీళ్ళు పోస్తుంటే బస్సు ముందుకు వెళ్ళాను. గైడు మామ బస్సు పక్క అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. కోటుకు మిగిలిన పల్లేరుకాయలు ఏరేశాడు. బొత్తాలు మెడదాకా పెట్టుకున్నాడు. అద్దంలోనే నన్ను చూసి, ఏమల్లుడా అన్నాడు.

"ఏం ల్యా మామా. కోటు బాగుండాది" అన్నాను.

పొద్దు వాలుతుండగా మళ్ళీ ఆ ఊరి పొలిమేర రాయి వచ్చింది. సాయిబు అలవాటు చొప్పున వేగం తగ్గించాడు. గైడు మామ కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"పంతులప్పా, రాయి వచ్చె" అన్నాడు సాయిబు.

"కనపడతాండాది. పోనీ."

సాయిబు వెనక్కి తిరిగి మా అందరి ముఖాలూ చూశాడు, ఎవరైనా వద్దంటారేమోనని. ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. బస్సు రాయి దాటింది.

హోటలు ముందు ఆగేసరికి అరుగు ఖాళీగా ఉంది. బస్సు తిరిగొచ్చే వేళకు వంట పనిలో ఉంటుంది కాబోలు. గైడు మామ దిగాడు. గొడుగు బస్సులోనే పెట్టాడు. రోడ్డు దాటి అరుగు ముందు నిలబడ్డాడు, ఎక్కలేదు. హోటలువాడు గ్లాసు కడగడం ఆపాడు. ఒక్కో మిద్దె మీదా ఒక్కో తల లేచింది.

ఆమె దీపం పట్టుకుని గడపలోకి వచ్చింది. చూసింది. ఆ రోజంతటికీ ఆమె తల ఎత్తడం అప్పుడే చూశాను. ఆ ముఖంలో కోపం లేదు. వేడి గిన్నె చేతిలోంచి జారిపోతున్నప్పుడు మనిషి ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"ఎవురు రమ్మన్యారు నిన్ను?" అంది.

బస్సు కిటికీలోంచి నేను చూస్తున్నాను. ఆయన వెనక్కి తిరిగి ఒక్క వేలు చూపిస్తే చాలు. తిరగలేదు.

"ఎవురూ రమ్మన్లా. నేనే వచ్చినా."

ఆమె వెనకనుంచి తమ్ముడు వచ్చాడు. మీసాలు పెద్దవే, ఇక్కడ నేను పెంచడం లేదు. భుజం మీద తువ్వాలతో చేతులు తుడుచుకుంటున్నాడు, అన్నం ముందునుంచి లేచినట్టున్నాడు. అరవలేదు. కట్టె తీయలేదు. అరిచి ఉంటే మాకు కొంచెం సులభంగా ఉండేది.

"బావా, రాజీ అందరి ముందర ఆయ. అందరి ముందరే తప్పితివి" అన్నాడు. "పొద్దుంది. బస్సెక్కు." ఆ తర్వాత సాయిబు వైపు తిరిగి, ఇకమీదట ఈ బస్సు ఈ ఊళ్ళో ఆగకూడదని చెప్పాడు. అక్క వైపు చూడకుండానే, లోపలికి పో అన్నాడు.

ఆమె దీపంతో లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. గడియ పడిన శబ్దం రోడ్డు ఇవతలికి వినిపించింది.

గైడు మామ వచ్చి బస్సెక్కాడు. అవతలి పొలిమేర రాయిదాకా కూడా లోపలే కూచుని వచ్చాడు. ఇక దిగి నడవడానికి కారణం లేదు. ముద్దనూరు, జమ్మలమడుగు దాటి ప్రొద్దుటూరు చేరాం. దిగేటప్పుడు మా అత్త చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దింపాడు. ఆమె ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఏదో చెప్పబోయి, నన్ను చూసి, చెప్పకుండా వదిలేసింది. నాతో నెల మాట్లాడలేదు.

ఆ తర్వాతి నెల అత్త ఒక్కతే మళ్ళీ ఆ యాత్రకు పోయింది, ఆ అరుగు చూడటానికే. బస్సు ఆగకుండా పోయింది, అరుగు మీద ఎవరూ లేరు అని వచ్చి చెప్పింది. గైడు మామ అప్పటికే ఆ పని మానేశాడు. కొత్త గైడు గండికోటలో రాజుకు నలభైమంది రాణులున్నారని చెబుతున్నాడట. జనం బాగా సంతోషించారట. ఇంకొన్నాళ్ళకు సాయిబు ద్వారా ఇంకో మాట తెలిసింది. ఆ అరుగు మీది ఆమెను మైసూరు సీమలో ఎవరో దూరపు బంధువుల ఇంటికి పంపించేశారు. ఏ ఊరో హోటలువాడికి కూడా తెలియదు. మేము మట్టి వాసన చూసి, కాఫీ తాగి, నవ్వుకుంటూ దాటిన ఆ కొయ్య కిందనుంచే ఆమెనూ దాటించి ఉంటారు.

రాజధాని హైదరాబాదుకు పోయిన తర్వాత, ప్రొద్దుటూరు తాలూకా కచ్చేరి ముందు గైడు మామ అర్జీలు రాస్తూ కనిపించాడు. అదే కోటు. అర్జీలు రాసేవాళ్ళలో అందరికన్నా తక్కువ గిరాకీ ఆయనకే. చూసింది చెప్పు, అనుకున్నది చెప్పొద్దు అంటే అర్జీ ఎవరికి పనికొస్తుంది? నేను మూడు రోజులు దూరంనుంచి చూసి, నాలుగో రోజు పోయి ఆయన చాప మీద కూచున్నాను.

"మామా, ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం."

ఆయన కలం దించలేదు. "తెలుసు" అన్నాడు.

రాస్తున్న వాక్యం పూర్తి చేసి, ఆరేదాకా ఊది, అప్పుడు చెప్పాడు. ఆమె చిన్నప్పుడు మంచె మీదనుంచి పడింది. కుడి చెయ్యి భుజం దాటి లేవదు. చేట పట్టుకుంటుంది, బిందె పట్టుకుంటుంది, నొసటికి మాత్రం లేవదు. బొట్టు కూడా ఎడమ చేత్తోనే పెట్టుకుంటుంది.

"మరి తెలిసీ యాల దిగినావు మామా?"

చాలాసేపు ఆలోచించాడు. కోర్టులో నిలబడ్డప్పుడు కూడా అంత ఆలోచించి ఉండడు.

"ఆరేండ్లు అందరూ ఒకటే మాట చెప్తా వచ్చిరి. కూచోనుండాది, చెరుగుతాండాది, తలెత్తలా. ఆమెను లేపి నిలబెట్టింది నువ్వొక్కడివే. అబద్ధమే గానీ, శానా బాగుండె. ఒక్కతూరి చూసొస్తే ఏమైతాదిలే అనిపిచ్చె."

కచ్చేరి బంట్రోతు ఎవరినో పిలుస్తున్నాడు. ఆయన కళ్ళజోడు తీసి కోటుతో తుడుచుకున్నాడు.

"ఇంగిప్పుడు చెప్పు. నిజంగా ఏం చూసినావు?"

చెప్పాను. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నా జన్మలో అంత పొదుపుగా ఎప్పుడూ చెప్పలేదు. కూచుని ఉంది. తల ఎత్తలేదు. చేట చెరుగుతోంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు దగ్గరదాకా పోయాను, చేటలో ఏముందో చూద్దామని.

"ఏముండె?"

"ఏమీ ల్యా మామా. ఉత్త చేట. ఒక్క గింజ ల్యా. ఉత్త చేటే చెరుగుతాండె, బస్సు నిలబడినంతసేపూ."

"బస్సు కదిలినాంక?"

"వెనక కిటికీలోంచి చూస్తి. చేట ఆడ పెట్టి లోపలికి పాయె."

ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. రోడ్డు మీద పోయే బండ్లవైపు చూస్తూ కూచున్నాడు. అర్జీ రాయించుకోవడానికి ఎవరో ముసలాయన వచ్చి నిలబడి, నిలబడి, పక్క చాప దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఆ మాట చెప్పింటే చాలు గదరా" అన్నాడు ఆఖరికి. "నేను బస్సు దిగేవాణ్ణి కాదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.